అన్ని సినిమాలూ తీసిన ఫిన్

నిన్న టీవీలో పాత ఫ్రెంచి సినిమా ముగిసి తెరమీద 'ఫిన్' అని పడగానే నా కడుపుమంట మళ్ళీ రేగింది.

చిన్నప్పుడు గల్ఫ్‌లో మేమున్న అబూ హలీఫా ఫ్లాట్లో నాన్న శుక్రవారాలు ఒకే ఫ్రెంచి దర్శకుడి సినిమాలు వేసేవారు. ఒకదాంట్లో నవ్వులు, ఒకదాంట్లో హత్యలు, ఒకదాంట్లో యుద్ధం. అన్నిటి చివరా 'ఫిన్' అనే పడేది. మన సినిమా టైటిల్స్‌లో దర్శకుడి పేరే ఆఖర్న పడుతుంది కదా! అందుకే ఆయన పేరు ఫిన్ అనుకుని, తెలుగు పిల్లల వక్తృత్వ పోటీలో ఆయన గొప్పతనం చెప్పాను. మొదటి బహుమతి నాదేననుకున్నాను.

"ఒరే అబ్బీ, ఫిన్ అంటే ఖలాస్! సినిమా అయిపాయ అని," అన్నారు జడ్జిగా వచ్చిన కడప మామ. హాలంతా నవ్వింది.

"అయితే ఆయన అసలు పేరు చెప్పండి," అన్నాను.

మామ నాన్నవైపు చూశారు. నాన్న ఏసీవైపు చూశారు. బహుమతి మాత్రం తన కుక్కపిల్ల గురించి మాట్లాడిన పిల్లకిచ్చారు. ఆ పిల్లకి కుక్కే లేదు.

అన్ని రకాల సినిమాలు తీసిన మనిషిని ఆ హాల్లో, తప్పు పేరుతోనైనా, తలుచుకున్నది నేనొక్కణ్ణే.