వరికి పులుసు

ఆదివారం చర్చిలో సంపూర్ణమ్మ కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోరు. పారేసిన చేపల తలలూ పేగులూ తెచ్చి, బెల్లం కలిపి డ్రమ్ములో మాగబెట్టి, పైరు ఏపుగా ఎదగడానికి ఆ రసాన్ని వరిమీద కొడుతుందామె. ఎంత రుద్దినా చేతుల వాసన పోదు. ఊళ్లోవాళ్లు "వరికి పులుసు" అని నవ్వితే, "అవునండి, మా వరి పులుసు తింటుంది" అని వాళ్లకన్నా గట్టిగా నవ్వుతుంది. పోయిన సార్వాలో, వానాకాలం పంటకి మాత్రం, పులుసులాగే ఇదీ చిక్కగా ఉంటే మంచిదనుకుని నీళ్లు తగ్గించింది. ఆకుల కొసలు మాడిపోయాయి.

ఈ దాళ్వాలో, రెండో పంటకి ఆమె మళ్లీ డ్రమ్ము మూత తీసేసరికి, చేను కౌలుకిచ్చిన పెదబాబుగారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని గట్టుమీదికి వచ్చారు.

"ఆ కంపు ఆపి యూరియా వెయ్యి. లేదంటే వచ్చే పంటకి చేను ఇంకొకళ్లకిచ్చేస్తాను."

"మాడింది నా చేతి తప్పండి, దీని తప్పు కాదండి. కూరలో ఓ పూట ఉప్పెక్కువైందని పొయ్యి పీకేస్తామా అండి?"

"మళ్లీ మాడితే?"

"అప్పుడు లాక్కుందురుగానండి. ఈ పంటకి మాత్రం కౌలు నాదండి."

రసంలో బాగా నీళ్లు కలిపి, స్ప్రేయర్ వీపుకెత్తుకుని చేలోకి దిగింది. ఆయన నిలబడ్డ గట్టు పక్కనుంచే కొట్టడం మొదలుపెట్టింది.