తేనె తాగే ముక్కు

ఆ ఏటి తుఫానుకు మా దీవిలో రోజ్ బెల్ ఊరి చుట్టుపక్కల చెరుకంతా నేలకు పరుచుకుపోయింది. మా కూలీల కాంపులో ఇళ్ల కప్పులు లేచిపోయాయి. నాన్న దూలాలు ఏరుకొస్తుంటే, పెరట్లో కూలిన అరటిచెట్ల కింద నాకొక పిట్ట కనిపించింది. తడిసి ముద్దయి ఉంది. కంటి చుట్టూ తెల్లటి గీత. పక్కింటి, క్రియోల్ భాష మాట్లాడే ముసలమ్మ చూసి, దాన్ని జోజో లునెత్ అంటారని, అంటే కళ్లజోడు పిట్ట అని చెప్పింది.

నూకలు పోశాను. వాకిట్లో తిరిగే ఎర్ర కార్డినల్ పిట్టలు వాటి కోసం కొట్టుకునేవి. ఇది ముట్టలేదు. అమ్మకు చూపించాను. అమ్మ చిన్నప్పుడే విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చింది. అక్కడి సంగతులు అడిగితే ఏదో పనిలో పడిపోయేది. ఆ రోజు మాత్రం పిట్టను అరచేతిలో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ముక్కు సూడమ్మా. కార్డినల్‌ది పొట్టిగా, లావుగా ఉంటాది, గింజ పగలగొట్టడానికి. ఇది సన్నంగా వంగుంది. పువ్వులో పెట్టి తేనె తాగాల. మావూర్లో అరిటిపువ్వు కాడికి ఇలాటిదే వొచ్చేది."

తుఫాను ఒక్క పువ్వునూ మిగల్చలేదు. అమ్మ బొప్పాయి ఆకు కాడ ముక్కలో చక్కెర నీళ్లు పోసి అందించింది. పిట్ట ముక్కు దూర్చింది. గొంతు కదిలింది.

అది కోలుకునేదాకా, దానికి పట్టిస్తూ అమ్మ తన ఊరి పిట్టల గురించి చెప్పేది. బురదలో పొడుగు ముక్కు ముంచి నత్తల్ని లాగే కొంగల్ని, చేప మీదికి సూటిగా దూకే లకుముకిని నేను అమ్మ మాటల్లోనే ఎరుగుదును.

వాగు పక్క చెట్లు మళ్లీ పూశాక దాన్ని అక్కడికి తీసుకెళ్లి వదిలాం. కొండవైపు ఎగిరిపోయింది. మీ ఊరికి పోతుందా అని అడిగాను.

"దాని ఊరు ఇదేనమ్మా," అంది అమ్మ.

తిరిగొస్తూ వడ్రంగిపిట్ట గురించి చెప్పింది. ఉలిలాంటి ముక్కుతో మాను తొలిచి పురుగును తీస్తుందట. పొద్దున్నే ఆ చప్పుడుకే అమ్మ వాళ్లమ్మ లేచేదట. ఈ దీవిలో ఆ పిట్ట లేదు.

కొన్నాళ్లకు విశాఖ వైపు నుంచే వచ్చి, ఓడ దిగి కొత్తగా ఒక పెద్దాయన కాంపుకు వచ్చాడు. వడ్రంగిపిట్ట చప్పుడు ఎలా ఉంటుందని నేను అడిగితే, తలుపు మీద వేలి కణుపులతో గబగబా కొట్టి చూపించాడు. లోపల పొయ్యి దగ్గరున్న అమ్మ గడపలోకి వచ్చి నిలబడింది.

ఇంకొక్కసారి కొట్టమని ఆయన్ని అడిగింది.