నూట పద్నాలుగో ముఖం

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి క్షణం పట్టింది. దించుకోవడానికి ఇంతకాలం పట్టింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే ఇప్పటికీ సాకులే వెతుక్కునేవాణ్ణి.

నారాయణఖేడ్‌లో నాకు ఫోటో స్టూడియో ఉండేది. ఫ్లెక్సీలకు బొమ్మలూ చేసేవాణ్ణి. ఫోటో దిగడానికి వచ్చిన ఆడవాళ్ల ముఖాల్లో పనికొస్తాయనిపించినవాటిని కంప్యూటర్‌లో కత్తిరించి దాచుకునేవాణ్ణి. వాటికొక రిజిస్టరు. సంఖ్య, రంగు, చూపు, నవ్వు అని గడులు గీసి మరీ రాశాను. పేరుకు గడి లేదు. ఎద్దును కొనేవాడైనా దాన్ని ఏమని పిలవాలో అడుగుతాడు. నేను అదీ అడగలేదు.

నూట పద్నాలుగో ముఖం నాగల్‌గిద్ద వైపు నుంచి వచ్చిన ఒక రైతు భార్యది. రేషన్ కార్డుకు ఫోటో కావాలంది. చెవులు కనబడాలని తల మీది కొంగు నేనే తీయించాను. సిగ్గుపడి నవ్వింది. ఆ నవ్వును దొంగిలించాను.

కల్హేర్‌లో బట్టల దుకాణం తెరుస్తున్న ఒకాయన ఫ్లెక్సీ అడిగాడు. ఆమె ముఖం కింద ఒక ఒళ్లు గీశాను. "నడుము ఇంకింత సన్నగ జెయ్యన్నా. కొంగు జర్ర జార్చు, గప్పుడే సూస్తరు," అని అతను పక్కన కూర్చుని చెబుతుంటే, సరేనంటూ చెక్కాను. ముఖం మీది మచ్చలన్నీ తుడిచాను. గడ్డం మీది పచ్చబొట్టును మాత్రం పల్లెకళ ఉంటుందని వదిలాను. దాన్ని కళ అన్నాను! సిగ్గులేని మాట.

ఆమె ప్రతి వారం కల్హేర్ సంతలో గోనె పరచి కందిపప్పు అమ్ముతుందని నాకు తెలియదు. తెలిస్తే మానేవాణ్ణా? ఈ ప్రశ్నకు జవాబు రాయబోయి ఎన్నిసార్లో కలం మూశాను.

ఫ్లెక్సీ కట్టిన వారమే భర్తను వెంటబెట్టుకుని వచ్చింది.

"అన్నా, గా మొఖం నాది. మెడ కింద గా పెయ్యి ఎవలిది? నువ్వే గీసినవని ఈయనకు జెప్పు."

"రేషన్ ఫోటో అని వొయ్యి గీ యేషమేసినవా?" అన్నాడతను ఆమెతో. "సంతల అందరు నవ్వవట్టిరి."

ఒక్క వాక్యం చాలు. ఆమె అడిగింది అంతే. అతని పిడికిలి బల్ల మీద ఉంది. నా రిజిస్టరు దాని పక్కనే ఉంది.

"నేనేం గీయలే," అన్నాను. "చెల్లె ఎట్ల దిగిందో అట్లనే ఏసిన."

ఆమె ఏడవలేదు. "అన్నా అని పిలిస్తి గదరా. నీ నోట్ల మన్నువడ," అంది.

తర్వాతి సంత నుంచి ఆ గోనె మీద భర్తే కూర్చున్నాడు. ఆమెకు సంత బందైంది. చూస్తూ పక్క నుంచి నడిచిపోయాను, ఒక్కసారి కాదు, ఏళ్ల తరబడి.

ఇప్పుడు నా ఈడువాళ్ల ఫోన్లలో యంత్రం గీసిన పల్లెపడుచులు తిరుగుతున్నారు. తడిచీర, సన్ననడుము. "ఎంత సహజంగా ఉందో!" అని మెచ్చుకుంటారు. ఎవరి ముఖం? ఎవరి ఒళ్లు? అడిగేవాడు లేడు. నాకు ఒళ్లు మండుతుంది. మండే హక్కు నాకుందా? ఆ దారి తొక్కినవాళ్లలో నేనూ ఒకణ్ణి కానా?

ఈ ఉదయం రిజిస్టరులో పేరుకొక గడి గీశాను. పాత ఫోటో కవరు వెతికి ఆమె పేరు రాశాను. మిగతా నూట పదమూడు ఖాళీగానే ఉన్నాయి. ఆ పేరు పక్కన రాసింది ఇది: "ఒళ్లు నేను గీసినది. ఆమె ఎన్నడూ అలా దిగలేదు." సంతకం పెట్టాను. క్షమాపణకు గడి గీయలేదు. దాన్ని నింపవలసింది నేను కాదు.

రేపు సంత. ఆ గోనె ముందు నిలబడి, అందరూ వినేలా, ఈ పుట చదువుతాను.