చిన్నకోడలి పేరు మీద కారు

మా ఇంట్లో ఏ బండి కొన్నా, అది ఎవరి పేరు మీద కొనాలో మా అత్తగారే తేలుస్తారు. డబ్బు ఎవరిది, నడిపేది ఎవరు అన్నవి తర్వాతి సంగతులు. ఎవరి పేరు అచ్చొస్తుందన్నదే ఆవిడకు ముఖ్యం. చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఇది వింతేమీ కాదు. ట్రాక్టరు చిన్నకొడుకు పేరు మీద, బోరు మోటారు కూతురి పేరు మీద ఉన్న ఇళ్ళు మా వీధిలోనే చూపిస్తాను. అచ్చొచ్చిన పేరును అరిగిపోయేదాకా వాడతారు. అచ్చిరాని పేరు జోలికి మళ్ళీ పోరు.

నాది అచ్చిరాని పేరు. పెళ్ళయిన రెండో ఏడు, కొత్త కోడలినన్న ముచ్చట ఇంకా తీరక, ఇంటికి మొదటి కారు నా పేరు మీదే కొన్నారు. ఇంట్లోవాళ్ళు అమరావతి వెళ్ళి దర్శనం చేసుకొని వస్తుంటే, ఆ కారు కాలవ కట్ట మీద నుంచి జారి పత్తి చేలో బోర్లా పడింది. అప్పుడే వాన వెలిసింది, నల్లరేగడి మెత్తగా ఉంది. లోపలున్న అత్తగారు, మామగారు, మరిది, మా ఆయన ఒంటి మీద గీత కూడా పడకుండా బయటికొచ్చారు. నడిపింది మా ఆయన. నేను ఆ కారులోనే లేను. జ్వరమొచ్చి ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాను. అయినా “పెద్దదాని పేరు మనకు అచ్చిరాలేదు” అన్న మాట ఆ సాయంత్రానికే వీధిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గ్యాసు కనెక్షన్ కూడా నా పేరు మీద తీసుకోలేదు. మొదట్లో ఏడ్చాను. కొన్నాళ్ళు మనసులోనే పోట్లాడాను. తర్వాత ఓపిక చచ్చిపోయి ఊరుకున్నాను.

మా మరిది డాక్టరు చదువుకని కిర్గిజ్‌స్థాన్ వెళ్ళి, చదువుతో పాటు అక్కడి అమ్మాయిని కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. అత్తగారు కొన్నాళ్ళు ఆ పిల్లతో మాట్లాడలేదు, సరిగ్గా అన్నం కూడా తినలేదు. ఇంతలో మిర్చి ధర ఎన్నడూ లేనంతగా లేచింది. మా కల్లంలో ఎండిన కాయ గుంటూరు యార్డులో మంచి రేటుకు పోయింది. దాంతో అలక కాస్తా అటకెక్కింది. “అంతా చిన్నది కాలు పెట్టిన వేళ” అని ఆవిడ కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. నేను కాలు పెట్టిన ఏడు ధర ఎలా ఉందో ఎవరికీ గుర్తు లేదు.

మరిది ఒంగోలులో ఆసుపత్రిలో పని చేస్తాడు. మొదట్లో ఇద్దరూ అక్కడే ఇల్లు తీసుకొని ఉన్నారు. డ్యూటీలు పెరిగి అతను ఆసుపత్రి వాళ్ళిచ్చిన గదిలోకి మారాక, ఆ పిల్ల మా దగ్గరికి వచ్చేసింది. వారానికి ఒకసారి అతనే వచ్చి పోతాడు. తెలుగు త్వరగానే పట్టుకుంది. మా మిరప చేలో కోతలకొచ్చే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది కాబట్టి, ఆమె మాట కూడా వాళ్ళ మాటలాగే గట్టిగా, సూటిగా ఉంటుంది.

కిందటేడు మళ్ళీ కారు మాట లేచింది. చిన్నకోడలి పేరు మీదే కొనాలన్నారు అత్తగారు. మరిది ఫోనులో నచ్చజెప్పాలని చూశాడు.

“అమ్మా, తనకింకా ఆ దేశం పాస్‌పోర్టేనే. రిజిస్ట్రేషన్ పెద్ద తలనొప్పి అవుద్ది. అన్నయ్య పేరు మీద తీసుకోండి.”

“మీ అన్నయ్య పేరు మీదున్న మోటారు సైకిల్ దొంగలెత్తుకుపోయిన సంగతి మర్చిపోయావా?”

“పోనీ నా పేరు మీద.”

“నీకు ఏలినాటి శని. నోరు మూసుకో. పాస్‌పోర్టు ఏ దేశానిదైతే ఏంటిరా, అచ్చొచ్చింది దాని పేరు!”

నా పేరు ఎవరూ ఎత్తలేదు. కానీ ఆఫీసుల చుట్టూ తిరగడానికి మాత్రం నేనే కావలసి వచ్చాను. పెళ్ళికి ముందు కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పాను కాబట్టి కాగితాలు చదవగలనట. మా ఆయనకు పత్తి తీతలు, మరిదికి డ్యూటీలు. నాకు మాత్రం ఏ పనీ లేనట్టు.

షోరూములో కంప్యూటరు ముందు కూర్చున్న అతను మర్యాదస్తుడే. “ఆధార్ నంబరు కొట్టకపోతే ముందుకు పోదండీ” అన్నాడు. ఆ పిల్ల ఆధార్‌కు పెట్టుకుంది, ఇంకా రాలేదు. అయితే రవాణా ఆఫీసుకు వెళ్ళమన్నాడు. అక్కడ క్యూలో నిలబడి నిలబడి కిటికీ దాకా వెళితే, విదేశీయులకు వేరే పద్ధతి ఉంది, పాస్‌పోర్టు, వీసా, ఇక్కడ ఉండటానికిచ్చిన పర్మిట్టు, అడ్రసు రుజువు తెస్తే పై అధికారి చూసి చెబుతారన్నారు. అన్నీ పట్టుకెళితే, పర్మిట్టులో అడ్రసు ఒంగోలుది, మీరు ఉంటున్నది ఇక్కడ, ముందు అది మార్పించుకు రండి అన్నారు. ఒంగోలు వెళ్ళాం. ఊళ్ళో ఇల్లు మీదేనని రుజువేదని అడిగారు. ఇల్లింకా పోయిన మామగారి పేరు మీదే ఉంది. మళ్ళీ ఊరికొచ్చి పంచాయతీ ఆఫీసు మెట్లెక్కాం. ఎవరూ మమ్మల్ని కసురుకోలేదు, ఎవరూ చెయ్యి చాపలేదు. ఇలాంటి పని వాళ్ళకు అరుదు, అందుకని ఒకరినొకరు అడిగి తెలుసుకొని చేస్తున్నారు. తప్పు పట్టడానికి ఒక్క మనిషి కూడా దొరక్కపోతే అలసట ఇంకా ఎక్కువ. ఎండలో బస్సులు మారడం, చెరుకు రసం బండి పక్కన నిలబడటం, ఆ పిల్లను కళ్ళప్పగించి చూసేవాళ్ళకు “మా తోడికోడలండీ” అని చెప్పడం నాకు పత్తి ఏరడం కంటే కష్టమైంది.

ఒక రోజు రవాణా ఆఫీసు కిటికీ లోపలి గుమాస్తా కాగితాలు తిరగేసి, కళ్ళజోడు తీసి నన్ను అడిగాడు.

“మీకు ఆధార్ ఉందాండీ?”

“ఉందండీ.”

“మరి మీ పేరు మీద పెట్టుకోక ఎందుకండీ ఈ తిప్పలు? నేను టీ తాగొచ్చేలోపు అయిపోయే పనిది.”

“కుదరదండీ.”

“ఏం, మీ పేరుకేమైంది?”

ఆయన మామూలుగానే అడిగాడు. వెనక క్యూలో జనం తోసుకుంటున్నారు. కాగితాలు తీసుకొని బయటికొచ్చేశాను.

బస్సులో కూర్చున్నాక ఆ పిల్ల వదల్లేదు. “అక్కా, ఆయన అడిగిందానికి చెప్పలేదేంటి? నీ పేరుకేమైంది?”

కాలవ కట్ట కథ చెప్పాను. ఎవరికీ దెబ్బ తగల్లేదనీ, నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాననీ, అంతా చెప్పాను. చెబుతుంటే ఎవరిదో కథలా ఉంది. ఆమె నా వైపు తిరిగింది.

“అయితే రేపు నా కారు దేనికన్నా గుద్దుకుంటే, నా పేరు కూడా అంతేనా?”

నేను అబద్ధం ఆడదలచుకోలేదు. “అంతే” అన్నాను.

“వద్దక్కా. నాకు కారొద్దు. మా ఆయన వారానికొకసారి వస్తాడు. మా అమ్మ ఎక్కడో ఉంది. ఈ ఊళ్ళో నాకున్నది అత్తయ్య మంచి మాటొక్కటే. అది పోతే నేనెట్టా ఉండాలి ఇక్కడ?”

అప్పటిదాకా ఆ పిల్ల మీద నాకు లోపల కొంచెం కుళ్ళుగానే ఉండేది. నా చోటు తీసుకుందనుకునేదాన్ని. ఆ మాటతో ఆ కుళ్ళంతా పోయింది. అత్తగారికి నచ్చజెబుదామని ఇద్దరం ఇంటికి వెళ్ళి అడిగాం. ఆవిడ వినిపించుకుంటేగా. “సిగ్గుపడుతోంది పిచ్చిపిల్ల” అని నవ్వి ఆమె తల నిమిరారు.

చివరికి పై అధికారి సంతకం పెట్టారు. ముహూర్తం చూసి కారు తెచ్చారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ పగలగొట్టి, అత్తగారు చిన్నకోడలిని చేయి పట్టుకొని స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. ఫోటోలు తీసుకున్నారు. అందరిలోనూ నవ్వని మనిషి ఆ పిల్ల ఒక్కతే.

వాళ్ళ దేశంలో మంచులో కూడా కారు నడిపిన మనిషి, ఇక్కడ లైసెన్సు తీసుకొని కూడా దాన్ని ముట్టుకోలేదు. ఎవరు బయటికి తీసినా గేటు దగ్గర నిలబడేది. తిరిగొచ్చేదాకా లోపలికొచ్చేది కాదు. “హైవే మీద లారీలుంటాయి, నిదానంగా పోండి బావగారూ” అని మా ఆయనకు రోజూ చెప్పేది. ఆయన నవ్వేవారు. ఆమెకు పట్టిన భయం ఏమిటో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. పగలంతా ఆ భయంతోనే పని చేసుకోవడం నాకూ అలవాటైపోయింది.

పత్తి అమ్మకాలప్పుడు మా ఆయన చిలకలూరిపేటలో మిల్లు దగ్గరికి వెళ్ళారు. ఫోను మాట్లాడుకుంటూ, గేటు ముందు ఆగి ఉన్న పత్తి ట్రాక్టరుకు వెనక తగిలించిన ట్రక్కును గుద్దేశారు. మనిషికేం కాలేదు. బానెట్ నొక్కుకుపోయి, ఒక లైటు పగిలింది. మధ్యాహ్నానికి అలాగే మెల్లగా నడుపుకుంటూ ఇంటికొచ్చారు.

ఆ పిల్ల గోడకు ఆనుకొని నిలబడిపోయింది. పక్కిళ్ళవాళ్ళు కూడా చేరారు. అత్తగారు అరుగు దిగి వచ్చి, కారు చుట్టూ తిరిగి, నొక్కుకుపోయిన చోట చెయ్యేసి చూశారు. ఇక ఆ మాట వచ్చేస్తుందని నేను కళ్ళు మూసుకున్నాను.

“ఒరేయ్, ఒంటికేం తగల్లేదుగా? అదీ సంగతి! చిన్నదాని పేరు మీదుంది కాబట్టి బతికి బయటపడ్డావు. ఇంకోళ్ళ పేరు మీదుంటే ఏమయ్యేదో” అన్నారు. అంటూ నా వైపు చూశారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలవాటు ప్రకారం తల దించుకున్నాను. ఎంతైనా ఆ పిల్లకు గండం గడిచిందనుకున్నాను. ఇక ఆమె నోరు మెదపకుండా ఉంటే చాలు, జీవితాంతం ఆ ఇంట్లో ఆమెకు తిరుగులేదు.

“అత్తయ్యా, అక్క కారు పడ్డప్పుడు కూడా ఎవరికీ ఏం కాలేదంటగా?”

“ఏంటే?”

“అప్పుడు కూడా అందరూ బతికారు. అప్పుడూ బావగారే నడిపారు, ఇప్పుడూ బావగారే నడిపారు. మధ్యలో అక్క పేరేం చేసింది?”

వీధి వీధంతా వినబడేంత గట్టిగా అంది. మా ఆయన తాళాల గుత్తి చూసుకుంటూ ఉండిపోయారు. అత్తగారి మొహం నల్లబడింది. “పరాయి దేశపుదానివి, మా ఇంటి సంగతులు నీకెందుకే?” అని గిర్రున లోపలికి వెళ్ళిపోయారు. ఆ పిల్ల వచ్చిన కొత్తలో, ఎంత కోపంలో ఉన్నప్పుడు కూడా, ఆవిడ నోట ఆ మాట రాలేదు.

సాయంత్రం దొడ్లో ఇద్దరం కూర్చుని మిరపకాయల్లో రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నాం. అత్తగారు రెండుసార్లు అటుగా వచ్చి ఆమెను చూడనట్టే వెళ్ళారు. నాకు కోపం ఆగలేదు.

“నీకున్నది ఆవిడ మంచి మాటొక్కటే అన్నావు గదే. దాన్ని చేజేతులా పోగొట్టుకున్నావు. నోరు మూసుకోలేకపోయావా?”

ఆమె చేతిలో కాయలు గంపలో వేసి, ముక్కు ఎగబీల్చింది. అప్పటికే ఏడ్చినట్టుంది.

“ఆ ఆఫీసాయన అడిగినప్పుడు నువ్వు చెప్పలేదు. ఎవరో ఒకళ్ళు చెప్పాలి గదక్కా.”

నా తరఫున ఒక మనిషి మాట్లాడితే ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు. ఆమె కంటే పెద్దదాన్నన్న సంగతి కూడా మర్చిపోయి, మిరప ఘాటు అంటిన ఆ చేతులు పట్టుకొని ఏడ్చేశాను.