సంఘపు పుస్తకంలో రెండు పేర్లు

నా చిన్నప్పుడు మేము సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో, ప్రార్థన మందిరం వెనక సందులో ఉండేవాళ్ళం. మా తాతయ్య సంఘపు పుస్తకం రాసేవారు. బాప్తిస్మం పొందినవాళ్ళు, ప్రభువులో నిద్రించినవాళ్ళు అందరూ ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవారు.

నాకు రోజుకొక ఇంగ్లీషు మాట నేర్పేవారు. ఒకరోజు 'ఎంబ్రియోనిక్' అనే మాట చెప్పారు. ఇంకా రూపం కట్టనిది, మొదలు మాత్రమే పెట్టుకున్నది అని అర్థం. సంఘం కట్టాలనుకున్న బడికి అప్పటికి నేల మీద సున్నపు గీతలే ఉన్నాయి. ఆ బడి ఎంబ్రియోనిక్ అని చూపించారు.

అదే వారం, మా సంఘంలోని పక్కింటి అక్కకు ఏడో నెలలోనే పుట్టిన పాప బాప్తిస్మానికి ముందే పోయింది. అలాంటి బిడ్డ పేరు పుస్తకంలో రాయరు, సమాధుల గోడ అవతల పూడుస్తారు. అది మా ఆచారం. ఒక్క వరుస రాయమని అక్క బతిమాలింది. ఆ బిడ్డ ఇంకా ఎంబ్రియోనిక్ దశలోనే పోయిందమ్మా అని తాతయ్య పంపేశారు.

ఆరు నెలలకు నిజాం మీద పోలీసు చర్య వచ్చింది, పట్నంలోకి సైన్యం దిగింది. ఆ భయంలో అమ్మకు నెలలు నిండకుండానే చెల్లి పుట్టింది. బాప్తిస్మం మా పాస్టరు అయ్యగారే ఇవ్వాలి. ఆయన కోసం మల్కాజ్‌గిరి బయలుదేరిన నాన్నను దారిలోనే సిపాయిలు వెనక్కి పంపేశారు. మధ్యాహ్నానికి చెల్లి ఊపిరి ఆగిపోయింది. పేరైనా రాయించమని అమ్మ గోడవైపు తిరిగి ఏడుస్తూనే ఉంది.

నాకు వచ్చిన మాట చూపించుకోవాలని, "చెల్లి ఎంబ్రియోనిక్ గదా తాతా, రాసుడెందుకు?" అన్నాను.

తాతయ్య కోప్పడలేదు. నన్ను దగ్గరకు తీసుకుని, గుడ్డ తొలగించి చెల్లి వేళ్ళు చూపించారు. వాటికి నూకగింజలంత గోళ్ళు.

"గోర్లు సుత వచ్చినయి బిడ్డా. గా మాట గీమెకు చెల్లదు. పక్కింటి పిల్లకు సుత చెల్లలే. నేనే తప్పు జేసిన."

పుస్తకం చంకన పెట్టుకుని పక్కింటికి వెళ్ళారు. పాపకు ఏ పేరు పెట్టాలనుకున్నారని అడిగారు.

"మీ ఇంట్ల పిల్ల పోతెనే యాదికొచ్చిందా తాతా నా బిడ్డ?" అంది అక్క.

తాతయ్య పుస్తకం తెరిచి కలం తీశారు. అక్క "కరుణ" అంది. ఆ పేరు ముందు రాసి, దాని కింద చెల్లి పేరు రాశారు. ఆచారం తప్పారని సంఘపెద్దలు ఆయన చేతిలోంచి పుస్తకం తీసేసుకున్నారు. చెల్లిని కూడా గోడ అవతలే పూడ్చాం.

తర్వాత చాలా ఏళ్ళు నేను బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఇప్పటికీ మనిషి మీద ఒక మాట వేసే ముందు నా నోరు ఆగుతుంది. ప్రార్థనలో మా చెల్లి కంటే ముందు కరుణను తలుచుకుంటాను.