లంకలో ఒకే ఒక్క ఉద్యోగం

విమానాలు ఎగరడం మానేసిన ఆ రోజుల్లో షార్జా ఆకాశం ఎంత నిర్మలంగా ఉండేదంటే, తలెత్తి చూస్తే దిగులేసేది. ఆ ఏడాది మాట వస్తే ఇప్పుడు అందరూ మాస్కులు, ముక్కులో పెట్టిన పుల్లలు, తాళాలేసిన పార్కులు తలుచుకుంటారు. నాకు మాత్రం దక్షిణ సముద్రంలో ఎక్కడో ఒంటరిగా పడి ఉన్న ఓ చిన్న దీవి గుర్తొస్తుంది. అక్కడ నేల ఎలా ఉంటుందో, జనం ఏం అమ్ముకుని బతుకుతారో, పరిపాలన ఎవరు చేస్తారో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. (మా మండలాఫీసు ఏ వీధిలో ఉందో అడిగితే మాత్రం కాస్త ఆలోచించుకోవాలి.) ఆ దీవికి నేను వెళ్ళలేదు. వెళ్ళబోయాను, అంతే. మా గదిలో ఉన్న ముగ్గురమూ వెళ్ళబోయాం. ఉద్యోగం మాత్రం ఒకటే.

మేముండేది అల్ నహ్దాలో, ఒక పాత బిల్డింగులో. హాలుకి చెక్క అడ్డుగోడలు పెట్టి గదులు చేసి బ్యాచిలర్లకిచ్చిన ఫ్లాటు అది. అందులో కిటికీ ఉన్న గది మాది, ఆ కిటికీ వల్ల మమ్మల్ని మిగతావాళ్ళు షావుకార్లలా చూసేవారు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. కోనసీమ నుంచి వచ్చి దుబాయ్ హోటల్లో గదులు సర్దే పని చేసేవాణ్ణి, హోటలు మూసేసి మమ్మల్ని ఇంటి దగ్గరే కూచోమన్నారు. రెండోవాడు మాస్టారు. తణుకు దగ్గర ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పి, ఆ జీతం చాలక ఇక్కడికొచ్చి గోడౌన్లో స్టోర్‌కీపరయ్యాడు. మనిషి గోడౌన్లో ఉన్నా మనసు ఇంకా నల్లబల్ల ముందే ఉండేది, ఉప్పు అందించమన్నా దండి సత్యాగ్రహం దగ్గర మొదలుపెట్టేవాడు. మూడోవాడు కాకా. నిజామాబాద్ వైపు పల్లె, వడ్రంగం పని, వయసు యాభై దాటింది. సోనాపూర్ కూలీల క్యాంపుల్లో ఏళ్ళ తరబడి ఉండి, కంపెనీ మారాక మా గదిలోకొచ్చాడు. వంట ఆయనదే. కూర దించి, "యల్లా, తినుండ్రి" అంటే మేం పళ్ళేలు పట్టుకుని సిద్ధం.

ఆ వేసవిలోనే ఊళ్ళో కాకా భార్య పోయింది. జబ్బు పాతదే, పోవడం మాత్రం ఉన్నట్టుండి జరిగింది. వెళ్దామంటే విమానం లేదు. బియ్యం డబ్బాకి ఫోను ఆనించి పెడితే, ముగ్గురం మంచం మీద వరసగా కూచుని చూశాం. అటువైపు ఎవరో పిల్లాడు ఫోను పట్టుకున్నాడు, బొమ్మ కదిలిపోతోంది. సరిగ్గా మంట పెట్టే వేళకి సిగ్నల్ పోయింది. కాకా కాసేపు ఆ నల్లటి తెరనే చూసి, లేచి, స్నానం చేసి వచ్చి, బియ్యం కడిగాడు. మేం వద్దన్నాం. "కూసొని ఏం జేస్త బిడ్డా" అన్నాడు. ఆ తరవాత ఆయన ఆ మాటే ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. గదిలో ముగ్గురం ఉన్నా, సాయంత్రమయ్యేసరికి ఎవరూ లేనట్టుండేది.

అలాంటి రోజుల్లో మా హోటల్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. మా హౌస్‌కీపింగ్ మేడమ్, ఇంగ్లండావిడ, అప్పటికే వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఆవిడ చుట్టాలావిడ ఒకరు ఓ మారుమూల దీవిలో ఉంటారట. అక్కడి గెస్ట్‌హౌస్ చూసుకోవడానికి, వండిపెట్టడానికి ఒక మనిషి కావాలట, ఇష్టమున్నవాళ్ళు రాయొచ్చట. ఆ దీవి పేరు మా ముగ్గురిలో ఎవరి నోటా తిరగలేదు. నీళ్ళ మధ్య ఊరు కనబడితే లంక అనడం మా కోనసీమ అలవాటు కాబట్టి నేను లంక అన్నాను. అదే ఖాయమైంది.

మాస్టారు ఫోన్లో దాని గురించి ఒక పేజీ వెతికి పట్టాడు. గోడౌనూ, కాకా కంపెనీ కూడా మూతపడి ముగ్గురం గదిలోనే ఉండడంతో, ఎవరూ అడక్కుండానే పాఠం మొదలైంది. పొద్దున టీ దగ్గర నైసర్గిక స్వరూపం, మధ్యాహ్నం అన్నాల తరవాత ఆర్థిక వ్యవస్థ, సాయంత్రం ప్రభుత్వం. లంకంతా ఒకటే అగ్నిపర్వతమట, దాని పాదాల దగ్గర పీట వాల్చినట్టు కాస్త చదును నేల, ఆ నేల మీద ఒకే ఒక్క ఊరు. విమానాశ్రయం లేదు. ఆఫ్రికా కొస నుంచి ఓడలో వారం పైగా ప్రయాణం, తీరా చేరాక సముద్రం కోపంగా ఉంటే దిగనివ్వకుండా వెనక్కి పంపేస్తారు. బంగాళాదుంప పండిస్తారు, గొర్రెలు కాస్తారు, సముద్రంలో పెద్ద రొయ్యల్లాంటివి పట్టి పై దేశాలకి అమ్ముతారు. తపాలా బిళ్ళలు కూడా అమ్ముతారు. (ఉత్తరాలు రాసేవాళ్ళే లేనిచోట బిళ్ళలెందుకని నేనడిగితే, దాన్నే ఆర్థిక వ్యవస్థ అంటారన్నాడు మాస్టారు.) నేల అందరిదీ, ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు. ఇక్కడ మాస్టారు ఆగి, ఆ వాక్యం రెండోసారి చదివేవాడు. గట్టు తగాదాలో అన్నదమ్ములతో మాటలు పోయి పదేళ్ళు దాటింది ఆయనకి. గట్టే లేని దేశం గురించి ఓ సాయంత్రమంతా చెప్పాడు.

పరిపాలన ఆయనకి ఇంకా నచ్చింది. ఇంగ్లండు రాణిగారి తరఫు గవర్నరు వేరే దీవిలో ఉంటాడు, ఇక్కడికి ఎప్పుడో గాని రాడు. ఊరి పనులన్నీ జనం ఎన్నుకున్న కౌన్సిల్ చూస్తుంది. చేతులెత్తి తీర్మానం చేసుకుంటారు. పోలీసు ఒక్కడే, వాడికీ వేరే పని ఉంటుంది. కాకా ఇవన్నీ ఉల్లిపాయలు తరుగుతూ వినేవాడు. అన్నం దొరుకుతుందా అని ఒక్కటే అడిగాడు. దుంపలే అన్నాడు మాస్టారు. "అయితే ఆలుగడ్డల రాజ్యమన్నట్టు" అని మళ్ళీ కత్తి అందుకున్నాడు.

ఈ పాఠాలన్నీ కేవలం జ్ఞానం కోసమని ఒకరికొకరం నమ్మించుకున్నాం. నేను రహస్యంగా అర్జీ పెట్టాను. నాది హోటల్ పని కాబట్టి ఉద్యోగం నాదేనని ధీమా. ఓ రోజు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. గదిలోంచి ఆ మధ్యాహ్నం మాస్టార్ని ఎలా బయటకి పంపాలా అని నేను తంటాలు పడుతుంటే, అదే మధ్యాహ్నం నన్ను ఎలా పంపాలా అని ఆయన తంటాలు పడుతున్నాడు. సరుకులకి నువ్వెళ్ళంటే మీరెళ్ళండని కాసేపు వాదించుకున్నాక అసలు సంగతి బయటపడింది. ఇద్దరం ముఖాలు చూసుకుంటుంటే, కాకా తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, ఇందులో ఏం రాశారో చదివిపెట్టమన్నాడు. ఆయనకీ అదే రోజు పిలుపు. పక్క గదిలో ఉండే మలయాళీ కుర్రాడి చేత ఎప్పుడో రాయించాడట.

మంచి చొక్కా ముగ్గురికీ కలిపి ఒకటే ఉంది, నా హోటల్ తెల్లచొక్కా. ఇస్త్రీ చేసి, కిటికీ కర్టెన్ ముందు కుర్చీ వేసి, ఒకరి తరవాత ఒకరం అదే తొడుక్కుని కూచోవాలని ఒప్పందం. ముందు మాస్టారు కూచున్నాడు. తెర మీద ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన గడ్డపాయన. ఆవిడ కౌన్సిల్ మెంబరు, ఆ ఊరి ఒకే ఒక్క దుకాణం ఆవిడే చూస్తుంది, ఊళ్ళో పెళ్ళిళ్ళు రాసుకునే బాధ్యతా ఆవిడదే. మాస్టారు నమస్కారం పెట్టి వాళ్ళ లంక గురించి వాళ్ళకే చెప్పడం మొదలెట్టాడు. కొండ అయింది, గాలులు అయ్యాయి, దుంపల దగ్గరికొచ్చేసరికి అటువైపు గంట మోగింది. గడ్డపాయన గబగబా లేచి వెళ్ళిపోయాడు. సముద్రం నెమ్మదించినప్పుడు ఆ గంట కొడతారట, అది వినగానే ఎంత పనైనా వదిలేసి వేటకి పోవాలట. మాస్టారు అది కూడా చదివే ఉన్నాడు, కానీ తన పాఠం మధ్యలోనే మోగుతుందనుకోలేదు. పక్క దుప్పట్లు మార్చడం వచ్చా అని ఆవిడ అడిగితే, నేర్చుకుంటానని నీరసంగా చెప్పి లేచాడు.

తరవాత నేను. ఎందుకు రావాలనుకుంటున్నావని అడిగింది. ఆతిథ్యరంగమంటే నాకు ప్రాణమని ఇంగ్లీషులో బట్టీ పట్టిన వాక్యం చెప్పాను. ఆవిడ చిన్నగా నవ్వి, ఆ చొక్కా మీ దగ్గర యూనిఫామా అని అడిగింది. నా చెవులు వేడెక్కిపోయాయి. కాకా వచ్చేసరికి చొక్కాకి పొట్ట దగ్గర రెండు బొత్తాలు పట్టలేదు, అడ్డంగా చెయ్యి పెట్టుకుని కూచున్నాడు. ఆయన హిందీ వాళ్ళకి రాదు, వాళ్ళ ఇంగ్లీషు ఈయనకి రాదు, మధ్యలో నన్ను కూచోబెట్టారు. ఆవిడ అదే ప్రశ్న వేసింది. ఇంత దూరం, ఎవరూ తెలియనిచోట, ఎందుకు ఉంటారు?

కాకా నా వైపు తిరిగాడు. తెలుగులోనే చెప్పాడు. "ఇరవై ఏండ్ల సంది ఇంటికి వోతున్న, వస్తున్న. వోయినప్పుడల్ల గడప దాటకముందే అడుగుతరు, ఎప్పుడొచ్చినవ్, మళ్ల ఎప్పుడు వోతవ్ అని. తమ్ముడు అడుగుతడు, కొడుకు అడుగుతడు, వాడకట్టంత అడుగుతది. ఒక్కామెనే అడగకపోయేది. ఇగ ఆమె లేదు. గా లంకల నన్నెవరు అడగరు గదా, బిడ్డా. గది జెప్పు ఆమెకు."

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఎక్కడో తడబడ్డాను గాని ఏదీ దాచలేదు. తెర మీద ఆవిడ కదల్లేదు. నెట్ ఆగిపోయిందనుకున్నాను. కాసేపటికి ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటే తెలిసింది, ఆగలేదని. ఏం పని చేస్తారని అడిగింది. తలుపులు అన్నాడు కాకా.

కొన్నాళ్ళకి జవాబొచ్చింది. కాకానే. మాస్టారు అభినందించి, ఆ రోజంతా ఏ పాఠమూ చెప్పలేదు. నేను మేడెక్కి ఖాళీ రోడ్లని చూస్తూ కూచున్నాను. అంత పెద్ద కష్టమేమీ కాదు, అయినా ఏడుపొచ్చింది. మర్నాటి నుంచి ఇద్దరం ఆయన ప్రయాణం పనిలో పడ్డాం. ఎండాకాలం షార్జాలో ఉన్ని కోటు అడిగితే దుకాణంవాడు మమ్మల్ని విచిత్రంగా చూశాడు. అలవాటు కావాలని కాకా అన్నం మానేసి, మాచేత కూడా మాన్పించి, పూటకోరకం దుంపలే వండాడు. గుడ్ మార్నింగులూ థాంక్యూలూ నేర్పడం మాస్టారి వంతు. ఆ వారాల్లో కాకా ఒకట్రెండుసార్లు నవ్వాడు కూడా.

మళ్ళీ ఆవిడే వీడియో కాల్ చేసింది. రాసి పంపితే బాగుండదనిపించిందట. కౌన్సిల్ కూచుని, ఈ జబ్బు సద్దుమణిగేవరకూ బయట మనిషి ఎవరూ లంకలో అడుగు పెట్టకూడదని తీర్మానించింది. ఓడలో సరుకులు తప్ప మనుషులు రారు. ఎప్పటివరకో తెలియదు. మాకు ఒక్కరే డాక్టరు, ఎక్కువమంది ముసలివాళ్ళం, నేను కూడా చెయ్యెత్తాను అని ఆవిడ చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పడానికే ఫోను చేసిందనిపించింది. మాస్టారు తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన మురిసిపోతూ చెప్పింది ఆ చేతులెత్తడం గురించే.

నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకుండానే కాకాకి అర్థమైంది. "మంచి పని జేసిండ్రు అని చెప్పు" అన్నాడు. "మా ఊర్ల గూడ గట్లనే జేసిండ్రు. ఊరి ముంగట రోడ్డుకు ముండ్లకంప అడ్డమేసిండ్రు. మా ఇంటామె అన్నదమ్ములు సావుకు వస్తే కంప అవుతలనే ఆపిండ్రు, ఆడ్నే నిలవడి ఏడ్చి వోయిండ్రు. నేనున్నా గా కంప తియ్యొద్దనే అందును."

ఇది నేను ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. ముళ్ళకంపని ఏమంటారో తెలియలేదు. మీ మీద కోపం లేదంటున్నాడని మాత్రం చెప్పాను. ఆవిడ తలూపింది. కాకా చెయ్యెత్తి దణ్ణం పెట్టి, గుడ్ మార్నింగ్ అన్నాడు. (అప్పుడు సాయంత్రం నాలుగు.) మేం నవ్వలేదు. ఇప్పుడు రాస్తుంటే మాత్రం నవ్వొస్తోంది, నవ్వాక ఎలాగో ఉంది.

కూలీలని ఇళ్ళకి చేర్చే విమానాలు వేసినప్పుడు జాబితాలో కాకా పేరు వచ్చింది. వెళ్ళనన్నాడు కొంతసేపు, ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, ఖలాస్, నీ పని అయిపోయిందనేశాక ఇంకేం చేస్తాడు. ఎయిర్‌పోర్టు బయట ముఖానికి ప్లాస్టిక్ తెర, వంటికి తెల్లటి గౌను తొడిగారు. ఎండలో లోపల చెమట కారిపోతోంది. ఉన్ని కోటు సంచిలో పెట్టాడు, వదిలెయ్యమంటే వినలేదు. మాస్టారికి ఏదో చెప్పాలని ఉంది, కొండ ఎత్తు తప్ప నోటికి ఏమీ రాలేదేమో, ఊరికే కాకా భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. దగ్గరికి రావద్దని గార్డు అరిచాడు. కాకా లోపలికి వెళ్ళిపోయాడు. అందరూ అదే తెల్ల గౌన్లు తొడుక్కుని ఉండడంతో, ఎంత దూరం చూసినా ఆయన ఎవరో పోల్చుకోలేకపోయాం.

మాస్టారు ఇప్పుడు ఇక్కడే పిల్లలకి ఆన్‌లైన్లో సోషల్ చెబుతున్నాడు. కాకా అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు, ఊళ్ళో తలుపుల పని దొరుకుతోందంటాడు, మాట తొందరగా ముగించేస్తాడు. నేను మళ్ళీ హోటల్లోనే ఉన్నాను, ఈసారి కౌంటర్ దగ్గర. రోజుకి ఎంతమంది వస్తారో, తాళం తీసుకుని నా వంక చూడకుండా లిఫ్టెక్కేస్తారు. అలాంటప్పుడు ఆ తెల్లచొక్కా కుర్రాడు గుర్తొస్తాడు. జీతం బాగుంటుందనో, సముద్రం బాగుంటుందనో కాదు వాడు అర్జీ పెట్టింది. లక్షల మంది మధ్య వాడొకడున్నాడని ఎవరికీ పట్టలేదు. గుప్పెడు మంది ఉన్నచోటికి పోతే, ఒక పూట కనబడకపోయినా ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాడు. ఆ సంగతి ఇంటర్వ్యూలో చెప్పలేక, ఆతిథ్యరంగమంటే ప్రాణమన్నాడు పిచ్చిసన్నాసి.