మా గల్లీ పట్టిన దొంగ

“మా ఇంట్ల మొగోళ్లు ఎప్పుడొస్తరని అడిగినవా లేదా?”

“అడిగిన. అడిగితే తప్పా అమ్మా?”

“బంగారం ఎంతుందని అడగలే?”

“అదీ అడిగిన. అందరూ అడిగేదే గద!”

“ఇన్నరా, తన నోటితోనే ఒప్పుకున్నడు!” అని నేను గల్లీ అంతా వినేటట్టు అరిచాను.

ఆ రోజుల్లో అశోక్ నగర్‌లో కెమెరాలెక్కడివి, మా కళ్లే కెమెరాలు. చిక్కడపల్లిలో పట్టపగలే ఎవరి మెడలోనో గొలుసు తెంపుకుపోయారని తెలిశాక మా ఆడవాళ్లమే కాపలాకు దిగాం. మధ్యాహ్నాలు వంతులవారీగా అరుగు మీద కూర్చోవాలి, కొత్త మనిషి కనబడితే పళ్లెం మోగించాలి. (నేను పాత సత్తు పళ్లెమే కొట్టేదాన్ని. స్టీలుది సొట్టపోతే ఎవరిస్తారు?) మూడో తరగతితో బడి మానేసినదాన్నైనా, గొంతు చూసి కొత్త కోడలినైన నన్నే పెద్దను చేశారు. పైగా మా ఆడపడుచుకు నారాయణగూడ సంబంధం ఒకటి నడుస్తోంది. పిల్లవాడి ఫోటో చూసి ఆమె సిగ్గుపడ్డ మొదటి సంబంధం అది. ఆమె నగలు ఇంట్లోనే ఉన్నాయి కనుక నా కాపలా మరీ గట్టిది.

ఇలాంటప్పుడు ధోవతి కట్టిన పెద్దమనిషి ఒకాయన పక్కింటి గడపలో నిలబడి మా ఇంటి గుట్టు అడుగుతుంటే ఊరుకుంటానా? పళ్లెం మోగింది. రోకలితో ఒకామె, చీపురుతో ఒకామె పరుగెత్తుకొచ్చారు. ఆయనను మా వాకిట్లో కుర్చీకి కట్టేశాం. (తాడు కొత్తది, అందుకని చినిగిన చీరతో.)

“ఏడుంటవ్?” అంది చీపురామె.

“నారాయణగూడ. మా అన్న కొడుకు బ్యాంకుల పనిచేస్తడు.”

“ఆయన గూడ దొంగేనా?”

“కాదమ్మా, పెండ్లికొడుకు!”

అంతలో మా అత్తమ్మ కూరగాయల సంచితో వచ్చి, చూసి, సంచి అక్కడే జారవిడిచింది. “అయ్యో, ఏం పని జేసినవే! గీయన పిలగాని చిన్నాయన!”

సంబంధం ఖాయం చేసేముందు ఇరుగుపొరుగును చాటుగా అడగడం మా వాళ్ల ఆచారమే. నా పెళ్లికీ అలాగే అడిగారు. దొంగ అడిగేవీ పెళ్లివారు అడిగేవీ ఒకటే ప్రశ్నలని ఎవరికి తడుతుంది? కట్లు విప్పితే ఆయన ధోవతి దులుపుకుని వెళ్లిపోయాడు. లోపల ఆడపడుచు ఏడుపు, బయట అత్తమ్మ తిట్లు. అయినా నేను, “కాపలా అంటే కాపలానే” అని మెడ నిక్కించుకునే ఉన్నాను. ఆ మెడను తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

మర్నాడు పొద్దున ఆయన, “గింత కాపలా ఉన్న ఇంటి పిల్లనే మాకు గావాలె” అంటూ పెళ్లికొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. గల్లీ ఆడవాళ్లు చుట్టుముట్టగానే ఆ పిల్లవాడు ఎవరూ అడగకముందే ఊరు, గోత్రం, జీతం గడగడా చెప్పేశాడు. కిటికీ వెనక మా ఆడపడుచు కిసుక్కున నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్లి, నీళ్లు కలపని పాలతో చాయ్ పెట్టాను.